సూపర్‌వైజరు జవాబు చెప్పాలా, ప్రశ్న అడగాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. డిప్లొమా పూర్తి చేసి చెన్నై వచ్చి పద్నాలుగేళ్ళయింది. అంబత్తూరులో వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో రెండేళ్ళ క్రితం మెషిన్ షాపు సూపర్‌వైజరునయ్యాను. నా కింద 18 మంది పనిచేస్తారు. సగం మంది ఒడిశా, బీహార్ల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు, ఇద్దరు మన తెలుగువాళ్ళు, మిగిలినవారు తమిళులు. ప్రతి చిన్న విషయానికీ అందరూ నా దగ్గరికే వస్తారు. రాత్రి షిఫ్టుకు వేరే సూపర్‌వైజరు లేడు కనుక ఇంటికి ఫోన్లు వస్తాయి. పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళి కూడా మూడు రోజులూ ఫోన్లోనే గడిపాను.

ఈ మధ్య మాకు రెండు రోజుల కోచింగ్ శిక్షణ పెట్టి, ‘జవాబులు చెప్పకండి, ప్రశ్నలు అడగండి, జవాబు వాళ్ళే కనుక్కుంటారు’ అని చెప్పారు. మరుసటి వారం ఒక షాఫ్టు మీద 50 మిల్లీమీటర్ల వ్యాసం సైజు తప్పుతుంటే, ఆపరేటరు కుర్రవాణ్ణి ‘నీకేమనిపిస్తోంది? నీ దగ్గర ఏ మార్గాలున్నాయి?’ అని అడిగాను. వాడు నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. మెషిన్ దగ్గర కొలిస్తే సైజు సరిగానే వస్తోంది, ఇన్‌స్పెక్షన్లో మాత్రం తక్కువ చూపిస్తోంది. వాడు ప్రతి పీసుకూ ఆఫ్‌సెట్ (టూలు ఎంత కోయాలో మెషిన్‌కు ఇచ్చే దిద్దుబాటు విలువ) మారుస్తూ పోయాడు. 40 పీసులు రిజెక్టయ్యాయి, మేనేజరు నన్ను పిలిచి చీవాట్లు పెట్టారు. 26 ఏళ్ళ అనుభవం ఉన్న ఒక తమిళ పెద్దాయన అయితే, ‘జవాబులు మేమే చెబితే జీతం మీకెందుకు సార్?’ అని అందరి ముందు నవ్వారు. కోచింగ్ అన్నది కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళకేనా? మా వంటి చోట గట్టిగా ఉంటే తప్ప పని జరగదా?

— పేరు వేయవద్దన్న పాఠకుడు, చెన్నై

సమాధానం: ఆ 40 పీసులు మీరు ప్రశ్న అడిగినందువల్ల పోలేదు, మెషిన్ తిరుగుతుండగా అడిగినందువల్ల పోయాయి. సైజు తప్పుతోందని తెలిసిన క్షణాన మెషిన్ ఆపించాలి. చివరిసారి సరిగా ఉందని ఖాయంగా తెలిసిన పీసు మొదలుకొని అప్పటివరకు తీసినవన్నీ వేరుగా పెట్టించాలి. ఈ రెండూ ఆజ్ఞలు, వీటిలో ఎవరి అభిప్రాయమూ అడగనక్కరలేదు. మెషిన్ ఆగి, అనుమానం ఉన్న పీసులు ఎర్ర పెట్టెలోకి చేరిన తరువాతే కోచింగ్ అనే మాటకు సమయం వస్తుంది. మీ శిక్షకులు ఈ ఒక్క సంగతి చెప్పి ఉంటే మీకు చీవాట్లు తప్పేవి.

అసలు ఆ మాటే మనవాళ్ళను తికమక పెడుతుంది. తెలుగువాడికి కోచింగ్ అనగానే విజయవాడ, గుంటూరు హాస్టళ్ళు, వారానికొక పరీక్ష, గోడకు అంటించిన ర్యాంకుల జాబితా గుర్తుకొస్తాయి. అక్కడ జవాబు చెప్పేవాడే కోచ్. ఆ మాట పుట్టుక కూడా మన అర్థానికే దగ్గరగా ఉంది. హంగేరీలో కోచ్ అనే ఊరి పేరు మీద ఒక రకం గుర్రపు బండికి ఆ పేరు వచ్చింది. 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మేష్టారును కూడా వేళాకోళంగా ఆ పేరుతోనే పిలిచారు. మనం రిజర్వేషన్ చేయించుకునే రైలు కోచ్ కూడా ఆ బండి సంతానమే. అయితే మీకు శిక్షణలో చెప్పిన ప్రశ్నల పద్ధతి మరొక దారిలో, ఆటల మైదానం నుంచి వచ్చింది.

1970లలో అమెరికాలో టిమొతీ గాల్వే అనే టెన్నిస్ శిక్షకుడు, ఆడేవాడికి ఎడతెగకుండా సూచనలివ్వడం మాని, బంతి నేలను తాకిన క్షణాన ఒక మాట, రాకెట్‌ను తాకిన క్షణాన ఇంకొక మాట పైకి అనమని చెప్పేవాడు. ఆడేవాడి చూపు తన మోచేతి మీద నుంచి బంతి మీదికి పోయేది, ఆట దానంతటదే మెరుగుపడేది. ఆ పద్ధతిని తరువాత బ్రిటన్లో కారు పందేల డ్రైవరు జాన్ విట్‌మోర్ కార్యాలయాల్లోకి తీసుకువెళ్ళారు. ఇందులో మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. గాల్వే ప్రశ్నలు ఆటగాడి చూపును బంతి మీదికి మళ్ళించాయి. ‘నీ దగ్గర ఏ మార్గాలున్నాయి?’ అన్న మీ ప్రశ్న ఆ కుర్రవాడి చూపును మెషిన్ మీది నుంచి తప్పించి మీ ముఖం మీదికి మళ్ళించింది. తనకు మార్గం తెలిస్తే ప్రతి పీసుకూ ఆఫ్‌సెట్ మార్చేవాడే కాడు. లేని నీటి కోసం బావిలో చేద వేసినట్లయింది ఆ ప్రశ్న.

కనుక నోరు తెరవకముందు ఒక సంగతి తేల్చుకోవాలి: ఈ మనిషికి ఈ పని తెలియదా, తెలిసి కూడా నిర్ణయం తీసుకోవడానికి జంకుతున్నాడా, లేక తెలిసినా చేయనివ్వని అడ్డు ఏదైనా ఉందా? తెలియకపోతే నేర్పాలి. జంకుతుంటే అడగాలి. అడ్డు ఉంటే దాన్ని తొలగించే అధికారం మీదే కనుక మీరే వెళ్ళి తొలగించాలి. మూడు మెషిన్లకు ఒకే మైక్రోమీటర్ ఉన్న చోట కుర్రవాణ్ణి కూర్చోబెట్టి కోచింగ్ ఇవ్వడం అన్యాయం. మీ ఉత్తరంలోని బాధలు మూడింటికీ మూలం, ఈ మూడు పరిస్థితుల్లోనూ ఇంతకుముందు జవాబే చెప్పడం, శిక్షణ తరువాత ప్రశ్నే అడగడం.

మీ షాఫ్టు సంగతినే తీసుకుందాం. మెషిన్ దగ్గర సరిగా ఉన్న సైజు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్ళేసరికి తగ్గుతోందంటే, నేను మొదట అనుమానించేది వేడిని. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరు పొడవుకు సుమారు 11 లేదా 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల షాఫ్టు, అప్పుడే కోత ముగిసి, ఉండవలసిన దానికంటే 25 డిగ్రీలు వేడిగా ఉంటే, వ్యాసం సుమారు 14 మైక్రాన్లు ఎక్కువగా కనిపిస్తుంది. మొత్తం టాలరెన్సు, అంటే సైజులో అనుమతించే తేడా, 25 మైక్రాన్లే ఉన్న చోట అది సగానికి పైమాటే. ఆపరేటరు ఆ వేడి పీసును కొలిచి, సైజు పెద్దదిగా ఉందనుకుని ఆఫ్‌సెట్ తగ్గిస్తాడు. పీసు చల్లారి ఇన్‌స్పెక్షన్ బల్ల మీదికి చేరేసరికి చిన్నదైపోతుంది. కొలతలకు ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీలని ప్రపంచమంతా ఒప్పుకున్నది ఇందుకే. ఇన్‌స్పెక్షన్ గదిలో ఏసీ ఉండి మీ షాపులో పంకాలే ఉన్నాయేమో చూడండి. నేను పీసు చూడలేదు కనుక కారణం ఇదొక్కటేనని చెప్పను. టిప్పు (లోహాన్ని కోసే అంచు ముక్క) అరగడం, చక్ (పీసును బిగించి తిప్పే భాగం) పట్టు కూడా చూడవలసినవే. కాని ఆ కుర్రవాడికి ‘పీసు చల్లారాక కొలువు’ అని మీరు ఎప్పుడో ఒకసారి చెప్పే ఉంటారని, ఎందుకో మాత్రం చెప్పి ఉండరని అనుకుంటున్నాను. ఎందుకో తెలియని సూచన, లోడు తొందర ఉన్న మొదటి రోజునే గాలికి పోతుంది.

నేర్పడమంటే చెప్పడం కాదన్న విషయం మీద ఎనభై ఏళ్ళ క్రితం ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. 1940లో, రెండో ప్రపంచ యుద్ధపు ఉత్పత్తి కోసం అమెరికా కర్మాగారాలు అలవాటు లేని కొత్తవారితో, ఆ తరువాత పెద్ద సంఖ్యలో స్త్రీలతో నిండిపోతున్న సమయంలో, అక్కడి ప్రభుత్వం మేస్త్రీలకు నేర్పే విద్య నేర్పడానికి ఒక పథకం ప్రారంభించింది. మేస్త్రీలకు పని బాగా తెలుసు, నేర్పడమే తెలియదు; అచ్చంగా మన సమస్యే. రెండేసి గంటల చొప్పున ఐదు కూటాలు, అంటే మొత్తం పది గంటలు మాత్రమే ఆ శిక్షణ. 1945లో పథకం ముగిసేనాటికి 16 లక్షల మందికి పైగా సూపర్‌వైజర్లు అది పూర్తి చేశారు. యుద్ధం తరువాత అది జపానుకు చేరింది, టొయోటా కర్మాగారాల్లో పని నేర్పే పద్ధతికి పునాది అయింది. ఆ పథకంలో ప్రతి మేస్త్రీ చేతికీ ఇచ్చిన చిన్న అట్ట మీద ఉన్న మాట ఒకటుంది: పనివాడు నేర్చుకోలేదంటే, నేర్పేవాడు నేర్పలేదన్నమాట. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ అది పూర్తిగా న్యాయమైన మాట అనుకోను, కాని సూపర్‌వైజరు తన గురించి తాను అనుకోవలసిన మాట అదేనని మాత్రం ఒప్పుకుంటాను.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో, మీ షాపులో రోజూ జరిగే టిప్పు మార్చే పనితో చెబుతాను. ముందు మీరు కాగితం మీద ఆ పనిని విడగొట్టుకోవాలి: మెషిన్ ఆపడం, పాత టిప్పు తీయడం, అది కూర్చునే చోటు శుభ్రం చేయడం, కొత్త అంచు పెట్టి స్క్రూ బిగించడం, ఆఫ్‌సెట్ చూడడం, మొదటి పీసు తీసి కొలవడం. ఒక్కొక్క మెట్టుకూ ఎదురుగా, అక్కడ తప్పితే పని చెడిపోయే అంశం ఏమిటో, దానికి కారణం ఏమిటో రాసుకోవాలి. శుభ్రం చేసేటప్పుడు సన్నని చిప్ ముక్క కూడా మిగలకూడదు, ఎందుకంటే టిప్పు దాని మీద ఎత్తుగా కూర్చుని సైజు మారుతుంది, కోతలో అదురు వస్తుంది. స్క్రూను చెప్పిన బిగువు కంటే ఎక్కువ బిగించకూడదు, ఎందుకంటే మర అరిగిపోయి తరువాతి టిప్పు వదులవుతుంది. టర్నింగ్ మెషిన్లలో ఎక్స్ అక్షం విలువ సాధారణంగా వ్యాసం లెక్కలోనే ఉంటుంది కనుక, వ్యాసంలో 0.02 మిల్లీమీటర్ల తేడా ఉంటే 0.02 దిద్దాలి తప్ప సగం చేయకూడదు. ఇలా రాస్తూ పోతే, మీకు చేతివాటంగా వచ్చేసి, ఎవరికీ ఎన్నడూ చెప్పని సంగతులు కనీసం మూడు నాలుగు బయటపడతాయి.

అప్పుడు కుర్రవాణ్ణి పిలిచి, వాడికి ఈ పనిలో ఇప్పటికే ఏం తెలుసో కనుక్కుని, మీరు ఒకసారి మెట్లు చెబుతూ, రెండోసారి ముఖ్యాంశాలు చెబుతూ, మూడోసారి కారణాలు చెబుతూ చేసి చూపాలి. ఆ తరువాత వాడి చేత చేయించాలి. మొదటిసారి మౌనంగా చేస్తాడు, మీరు తప్పు మాత్రం దిద్దుతారు. ఆ పైన చేస్తూ మెట్లు, ముఖ్యాంశాలు, కారణాలు వాడే చెప్పాలి. చివరగా వాణ్ణి పనిలో వదిలి, సందేహం వస్తే ఎవరిని అడగాలో పేరు చెప్పి, మొదట తరచుగా, తరువాత అప్పుడప్పుడు వచ్చి చూడాలి. అక్షరాభ్యాసం రోజున పళ్ళెంలో బియ్యం మీద పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దించే తండ్రి కూడా చేసేది ఇదే. కాకపోతే ఆ తండ్రి ఏదో ఒక రోజున వేలు వదిలేస్తాడు, మన షాపుల్లో మాత్రం కొందరి వేలు పదేళ్ళయినా వదలం.

మీ దగ్గర భాషలు నాలుగు ఉన్నాయి కనుక ఒక జాగ్రత్త చెబుతాను. ‘పురింజుదా?’, ‘సమఝా?’, ‘అర్థమైందా?’ అన్న మూడు ప్రశ్నలనూ ఈ రోజు నుంచి మానేయండి. వాటికి ఏ భాషలోనైనా ఒకటే జవాబు, తల ఊపడం. ఊరుకాని ఊళ్ళో, కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఇరవై ఏళ్ళ కుర్రవాడు అర్థం కాలేదని సూపర్‌వైజరుతో అనగలడని ఎదురుచూడటం మన తప్పు. అర్థమైందో లేదో వాడి చేతులు చెబుతాయి, చేయించి చూడండి. మాట చాలని చోట ఒక మంచి పీసు, ఒక చెడ్డ పీసు పక్కపక్కన మెషిన్ దగ్గర వేలాడదీస్తే, ఏ భాషవాడికైనా చదవడం వస్తుంది.

ఇక ప్రతి పీసుకూ ఆఫ్‌సెట్ మార్చడం గురించి, ఇది మీ కుర్రవాడికి ఎంత వర్తిస్తుందో మీకూ అంతే వర్తిస్తుంది కనుక, కాస్త ఎక్కువ రాస్తాను. నాణ్యత రంగంలో పేరుపొందిన ఎడ్వర్డ్స్ డెమింగ్ తన తరగతుల్లో గరాటుతో ఒక ప్రయోగం చూపేవారు. బల్ల మీద ఒక గుర్తు పెట్టి, దాని పైన గరాటు నిలిపి గోళీలు వదిలితే, అవి గుర్తు చుట్టూ ఒక చిన్న పరిధిలో అటూ ఇటూ ఆగుతాయి. గోళీ తప్పిన ప్రతిసారీ, ఎంత తప్పిందో అంత దూరం గరాటును ఎదురు వైపుకు జరుపుతూ పోతే గురి మెరుగుపడాలి కదా అనిపిస్తుంది. నిజానికి చెదురు పెరుగుతుంది, గణితంలో వేరియన్స్ అనే కొలత రెండింతలవుతుంది. సహజంగా ఉండే చిన్న తేడాను తప్పుగా భావించి దిద్దినందుకు పడే శిక్ష అది. ఆపరేటరుకు ఈ విషయం నేర్పితే, వరుసగా కొన్ని పీసుల పోకడ చూసి ఎప్పుడు దిద్దాలో, ఎప్పుడు చేతులు కట్టుకుని ఊరుకోవాలో తెలుస్తుంది.

మనుషుల విషయంలో మనం ఆ కుర్రవాడి కంటే తెలివిగా ఏమీ ప్రవర్తించం. ఒక రోజు ఉత్పత్తి పది పీసులు తగ్గితే మందలిస్తాం, మరునాడు పెరిగితే మన మందలింపు పనిచేసిందనుకుంటాం, మళ్ళీ తగ్గితే గొంతు పెంచుతాం. అవ్రహాం క్లూగర్, ఆంజెలో డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు 1996లో, పనివారికి వారి పనితీరు గురించి చెప్పడం వల్ల ఏం జరుగుతుందో అంతకుముందు జరిగిన అధ్యయనాల నుంచి 600కు పైగా ఫలితాలను కలిపి లెక్కించారు. సగటున మేలే కనిపించింది, కాని మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. మాట పని మీద ఉన్నంతసేపు ఉపయోగపడుతుందని, అది వినేవాడిని తన గురించి తాను ఆలోచించుకునే స్థితికి నెట్టినప్పుడు చెడుపు చేస్తుందని వారు దానికి వివరణ ఇచ్చారు. ‘ఈ మూడు పీసుల్లో చాంఫర్ (అంచున ఏటవాలు కోత) తక్కువ పడింది’ అన్నది పని మీది మాట. ‘నీకు శ్రద్ధ లేదు’ అన్నది మనిషి మీది మాట, అది విన్నవాడు ఆ పూటంతా చాంఫర్ గురించి తప్ప మిగిలిన అన్నింటి గురించీ ఆలోచిస్తాడు. ‘నువ్వు మహా తెలివైనవాడివి’ అన్న పొగడ్తకూ ఇదే దోషం ఉంది. గట్టిగా ఉండాలా అని మీరు అడిగిన దానికి నా జవాబు ఇదే: పని ప్రమాణం విషయంలో ఇప్పటికంటే గట్టిగా ఉండండి, మనిషి మీద వ్యాఖ్యలు చేయడం మాత్రం పూర్తిగా మానండి.

మీ పెద్దాయన సంగతికి వద్దాం. ఆయన వేళాకోళం మీకు గుచ్చుకుంది, కాని అందులో పసలేదని అనలేం. అన్నీ తెలిసిన మనిషి దగ్గర, ఏమీ తెలియనట్లు తరగతిలో నేర్చుకున్న ప్రశ్నలు వల్లిస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఆయనను మీకు నిజంగా తెలియని విషయాలే అడగండి. షాపులో శబ్దం మారగానే టిప్పు పోతోందని ఆయన ఎలా పసిగడతారో, ఏ లోహం వచ్చినప్పుడు ఏం మారుస్తారో అడిగి, పైన చెప్పిన పని విడగొట్టే కాగితాన్ని ఆయనతో కూర్చుని రాయండి. రాయడం మీ వంతు, చేయడం ఆయన వంతు. అనుభవజ్ఞులకు ఒక చిక్కు ఉంటుంది: చేతులు చేసేస్తాయి, నోటికి మాట రాదు. అందుకని ఒక కుర్రవాణ్ణి పక్కన నిలబెట్టి, పెద్దాయన నోటితో చెప్పినది మాత్రమే చేయమనండి. రెండు నిమిషాల్లోనే ఆయన, ‘అరే, అది చెప్పలేదు కదూ’ అంటారు. ఆ చెప్పనివే అసలు ముఖ్యాంశాలు. కాగితం పైన ఆయన పేరు రాయండి, మేనేజరుకు చూపించేటప్పుడు ఆయనను వెంట తీసుకువెళ్ళండి. ఎలా పిలుస్తున్నారో నాకు తెలియదు గాని, వయసులో పెద్దవారిని చెన్నై షాపుల్లో ‘అణ్ణా’ అని పిలవడం వల్ల ఏ సూపర్‌వైజరు హోదా తగ్గిపోగా నేను చూడలేదు.

అయినా ఆయన ముడుచుకుని ఉంటే, కారణం అహంకారమని తొందరపడకండి. 26 ఏళ్ళు కష్టపడి సంపాదించిన విద్యను తక్కువ జీతం కాంట్రాక్టు కుర్రవాళ్ళకు ధారపోస్తే, రేపు తన చోటుకే ఎసరు వస్తుందన్న భయం చాలామంది పాతవారికి ఉంటుంది, అది నిరాధారమైన భయం కూడా కాదు. ఆ విషయంలో మీ చేతిలో లేని హామీ ఇవ్వకండి. చేతిలో ఉన్నవి ఇవ్వవచ్చు: నేర్పే రోజుల్లో ఆయన ఉత్పత్తి లక్ష్యం తగ్గించడం, ఒకసారి ఒక్కరినే అప్పగించడం, ఏడాది చివర ఆయన మదింపులో ఎవరికి ఏం నేర్పారో స్పష్టంగా రాయడం. ఇవి చేయలేకపోతే ఆయన మౌనాన్ని తప్పు పట్టే హక్కు మనకు ఉండదు.

రాత్రి ఫోన్లలో చాలా వరకు తెలియక వచ్చేవి కావు, జంకు వల్ల వచ్చేవి. ఏ నిర్ణయం తనదో ఆపరేటరుకు తెలియదు, తప్పితే ఎవరి మీద పడుతుందో మాత్రం బాగా తెలుసు. అందుకని నాణ్యత విభాగం, మేనేజరు సమ్మతితో ఒక హద్దు గీసి ప్రతి మెషిన్ దగ్గరా రాసి పెట్టండి: ఎంత వరకు ఆఫ్‌సెట్ తానే మార్చవచ్చు, ఏ తేడా దాటితే మెషిన్ ఆపి పీసులు వేరుచేయాలి, ఏ సందర్భంలో మీకు ఫోన్ చేసి తీరాలి. టూలు విరిగితే, ఎవరికైనా దెబ్బ తగిలితే ఏ రాత్రయినా ఫోన్ రావాలి, అందులో మొహమాటం వద్దు. ఆ హద్దు లోపలి విషయానికి ఫోన్ వస్తే అప్పుడు మీ శిక్షకులు చెప్పిన ప్రశ్నలకు పని పడుతుంది. ఏం చూశావు, ఎలా ఉండాలి, ఇప్పటివరకు ఏం చేశావు అని వరుసగా అడిగి, చివరగా ‘నా ఫోన్ స్విచాఫ్ అయి ఉంటే ఏం చేసేవాడివి?’ అనండి. ‘ఎందుకలా చేశావు?’ అని మాత్రం అడగకండి; ఆ ప్రశ్నకు మన పిల్లలు కూడా సాకే చెబుతారు. కుర్రవాడు చెప్పిన దారి సరైనదైతే ‘అదే చెయ్యి’ అని పెట్టేయండి. దానికి మీ తెలివి కొంచెం జోడించి మెరుగుపరచాలన్న కోరిక గొంతు దాకా వస్తుంది. జోడించారా, ఆ నిర్ణయం మళ్ళీ మీదైపోతుంది, రేపు రాత్రి మళ్ళీ ఫోన్ మోగుతుంది.

ఒక సంగతి ముందుగానే మేనేజరుకు చెప్పి ఉంచండి. ఈ పద్ధతి మొదలుపెట్టిన మొదటి నెలలో మీ షిఫ్టు రిజెక్షన్ లెక్క పెరిగే అవకాశం ఉంది. నేను శిక్షణ విభాగంలోకి రాకముందు ఒక కర్మాగారంలో షిఫ్టు ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు, రిజెక్షన్ అతి తక్కువగా ఉన్న షిఫ్టు నాదేనని చాలా గర్వపడేవాణ్ణి. ఒక రోజు చిప్స్ తీసుకువెళ్ళే ట్రాలీ ఒరిగిపోతే, అడుగున చిప్స్ కింద కప్పిపెట్టిన 17 పీసులు బయటపడ్డాయి. నా గొంతుకు భయపడి, చెడిన పీసులను ఎర్ర పెట్టెలో వేయకుండా దాచేవారు. ఆ రోజు వాళ్ళను ఏమీ అనలేకపోయాను. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేయడం లేదని, చేసినవి దాచకుండా చెబుతున్నాయని ఆమె అర్థం చేసుకున్నారు. కనుక షిఫ్టు మొదట్లో నిలబడి మాట్లాడుకునే ఆ ఐదు పది నిమిషాల్లో, నిన్న చెడిన పీసు ఒకటి చేతిలో పట్టుకుని, ఎవరు చేశారన్న మాట లేకుండా, ఎక్కడ ఎలా చెడిందో అది చేసినవాడే చెప్పే అలవాటు తెండి. మొదటి వారం ఎవరూ ముందుకు రారు. మీ సొంత పొరపాటుతోనే మొదలుపెట్టండి, ఆ 40 పీసుల కథ చేతిలోనే ఉంది కదా.

మొత్తం 18 మందితో ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక మెషిన్, ఒక కుర్రవాడు, టిప్పు మార్చే ఒక్క పని, రోజుకు ఒక అరగంట. అది ఒక కొలిక్కి వచ్చాక చల్లార్చి కొలవడం, ఆ తరువాత ఆఫ్‌సెట్. గోడ మీద ఒక పలక పెట్టి, నిలువుగా పేర్లు, అడ్డంగా పనులు రాసి, ఒక్కొక్క గడిలో ఒక వృత్తాన్ని నాలుగు పావులుగా గీయండి. నేర్చుకుంటుంటే ఒక పావు, పక్కన ఎవరైనా ఉంటే చేయగలిగితే రెండు, ఒంటరిగా చేయగలిగితే మూడు, ఇంకొకరికి నేర్పగలిగితే నాలుగు నింపాలి. మూడో పావు నింపేది మీ ముందు చేసి, కారణాలు చెప్పినప్పుడే. అడిగి నింపే పావులకు విలువ లేదు. ఆ పలకను విజయవాడ హాస్టళ్ళ ర్యాంకుల జాబితాలా వాడకండి, అక్కడ ఖాళీగా ఉన్న గడి కుర్రవాడి లోపం కాదు, మీరు ఇంకా నేర్పని పని.

ఈ సంక్రాంతికైనా ఫోన్ లేకుండా ఊళ్ళో ఉండాలంటే గడువు మీరు అనుకున్న దానికంటే దగ్గరలో ఉంది. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజుల ముందు మొదలవుతోంది కనుక, పండుగ ప్రయాణానికి నవంబరు రెండో వారంలో టికెట్ తీసుకోవలసి ఉంటుంది. ఆ ఉదయం టికెట్ తీసుకోకముందు పలక ఎదుట నిలబడి, రాత్రి షిఫ్టులో ఉండబోయేవారి వరుసలు చూడండి. ప్రతి పనికీ మూడో పావు నిండిన పేరు ఒక్కటైనా ఉన్న చోట మీ ఫోన్ మోగదు. లేని గడులు ఏవో లెక్కపెట్టుకుని, పండుగకు ముందున్న ఆ రెండు నెలలూ వాటికే కేటాయించండి. ఒకటి రెండు గడులు అప్పటికీ మిగిలిపోతే, ఆ రాత్రులకు పెద్దాయన ఒప్పుకుంటారేమో అడిగి చూడండి. ఈలోగా ఆయన పేరున్న కాగితాలు మెషిన్ల దగ్గర వేలాడుతుంటాయి కనుక, ఒప్పుకుంటారనే నాకు అనిపిస్తోంది.